మిగతాది నింపేయ్

"ఇదుగో, మొత్తం అయిపోయింది. మిగతాది నింపేయ్," అన్నాడు భర్త, రెండు కాగితాలు ఇస్త్రీ బల్ల మీద పడేసి.

ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టె అప్పుడు అతని చొక్కా కాలరు మీద ఉంది. చటుక్కున పైకెత్తింది. ఎత్తకపోతే కాగితాల అంచు మాడేది. మాడితే ఆ తప్పు ఆమెదయ్యేది. పెట్టెను నిలబెట్టి కాగితాలు చూసింది. పైన ఇంకుతో అతని పేరు. కింద పెన్సిల్‌తో ఒక వరుస పాట, నూట పన్నెండు గడులు. ఆ వరుస కింద ఏమీ లేదు. అతని బృందంలో పద్నాలుగు మంది వాయిస్తారు. ఫ్లూటు వాయించే అమ్మాయి ఏం వాయించాలో ఆ కాగితాల్లో ఉంది. మిగిలిన పదమూడు మంది ఏం వాయించాలో లేదు. మొత్తం అయిపోవడం అంటే ఇదీ.

"ఎప్పటికి?" అంది.

"శుక్రవారం రిహార్సల్. హాలు సెక్రటరీ వస్తానన్నాడు వినడానికి. హాలు కట్టి యాభై ఏళ్లయిందని వాళ్ల హడావుడి. ఈసారి కాస్త బాగా రావాలి."

"ఇవాళ సోమవారం."

"టైపింగే కదా! సాఫ్ట్‌వేర్ ఉందాయె." వెళ్తూ వెళ్తూ ఆగి కాలరు పట్టుకు చూశాడు. "ఇక్కడ మడత పోలేదు చూడు."

ఆ ఇంట్లో కంప్యూటరుకు సొంత బల్ల లేదు. ముందుగది, అందులోని పియానో, ఆ గది తలుపుకున్న లోపలి గడియ అతనివి. వంటింటికీ బట్టలుతికే చోటుకూ మధ్య ఒక గది ఉంది. తలుపు లేని గది. అందులో పొడుగు బల్ల. బల్లలో సగం మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తుంది, రెండో సగం మీద కంప్యూటరు. ఇస్త్రీ బట్టలు ఎక్కువైన రోజున కంప్యూటరును గోడవైపు జరుపుతుంది. పాట ఎక్కువైన రోజున బట్టలు కుర్చీలోకి పోతాయి. కుర్చీలో బట్టలు కనబడితే అత్తగారు ఊరుకోరు. "అమ్మాయ్, ఆ డబ్బా ముందు కూర్చుంటే నీకు చుట్టూ ఇల్లుందని గుర్తుండదు కదా!" అంటారు. కోపంగా అనరు. వాతావరణం గురించి చెప్పినట్టు చెబుతారు.

నింపడమంటే ఏమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నీళ్లు నింపుతాం, డబ్బాలు నింపుతాం, ఫారాలు నింపుతాం, ఇదీ అంతే అనుకున్నారు. ఫ్లూటు పైకి వెళ్తున్నప్పుడు చెల్లో, ఆ పెద్ద వయొలిన్, కిందికి దిగాలా, ఉన్నచోటే ఉండాలా? అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట మధ్యలో కన్నం పడుతుంది, మరి ఎవరి ఊపిరిని ఎటు జరపాలి? క్లారినెట్టాయనకు ఏడు గడుల కంటే దమ్ము నిలవదు కాబట్టి ఏడో గడిలో ఆయనకు విరామం ఇవ్వాలి, అది ఆయన కోసం ఇచ్చినట్టు ఆయనకు తెలియకూడదు. చెల్లోకన్నా పెద్దదైన బేస్ వాయించే, బృందమంతా బాబాయి అనే ఆయనకు ఎడమ చిటికెనవేలు పాత దెబ్బ వల్ల సాగదు. అందుకని ఆ వేలు సాగాల్సిన స్వరం ఆయన వరుసలో ఎక్కడా ఉండదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా లేదు. ఆయనకది తన అదృష్టం అనుకోవడం అలవాటు. "మాస్టారి పాటలు నా చేతికోసం కుట్టినట్టుంటాయి," అని పదిమందిలో అంటాడు. మాస్టారు, అంటే ఆమె భర్త, నవ్వుతాడు. ఆమె వెనక కుర్చీలో కూర్చుని ఉంటుంది.

తప్పుల సంగతి వేరే. నిలువుగీతకూ నిలువుగీతకూ మధ్య ఉండేది గడి. నాలుగు లెక్కల పాటలో గడికి నాలుగే పట్టాలి. అతను వందగడులు రాస్తే మూడు నాలుగు చోట్ల ఐదు పడతాయి. పాడుకుంటూ రాస్తాడు, గొంతు సాగినంతా రాస్తాడు. అలా ఉన్నదున్నట్టు ఎక్కిస్తానంటే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఆ ఒక్క గడి కొలతను పనిగట్టుకుని మార్చాలి. మారిస్తే గడి మూలన చిన్న ప్లస్ గుర్తు పెడుతుంది. ఆ గుర్తు తెరమీద మాత్రమే కనబడుతుంది, ప్రింటులో రాదు. మొదటి ఏడాది ఒకసారి ఆమె కాగితం పట్టుకెళ్లి చూపించింది. "ఇక్కడ ఐదున్నాయండీ." అతను కాగితం వైపు చూడలేదు. "నువ్వు తప్పులు వెతకడానికి కూర్చున్నావా, పనికి కూర్చున్నావా?" అన్నాడు. అప్పటినుంచి చూపించలేదు. సరిచేసి ముందుకు పోవడం నేర్చుకుంది. ఇన్నేళ్లలో తన పాటల్లో ఒక్క తప్పూ రాలేదని అతని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఉంది. ప్రింటులో ఎప్పుడూ రాలేదు.

ఇద్దరూ ఒకే సంగీత కళాశాలలో చదివారు. అతను ఒక ఏడాది ముందు. నాలుగు గొంతులకు కలిపి రాసే పరీక్ష ఒకటుండేది. అందులో అతను రెండుసార్లు తప్పాడు. మూడోసారి రాసేముందు ఆమె నోట్సు అడిగి తీసుకెళ్లాడు. పరిచయం అలా మొదలైంది. పెళ్లయ్యాక అత్తగారు, "ఒకే ఇంట్లో ఇద్దరూ సంగీతం అంటూ కూర్చుంటే అన్నం ఎవరు వండుతారమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. మిగతావాళ్లవి గుర్తులేవు, తనదే గుర్తుంది.

తర్వాత ఒక స్కూలు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. టైపిస్టు. "నీకు టైపింగ్ వచ్చు కదా, సరిపోతుంది," అన్నాడు భర్త. పోయినేడాది స్కూలుకో పాట కావాలని ప్రిన్సిపాల్ ఆమెను పిలిచారు. "మీవారితో చెప్పి చేయించండమ్మా, మీరు చెబితే కాదనరు." ఆయన చెప్పినట్టే చేయించింది. అంటే, అతను పదహారు గడులు రాసిచ్చాడు, ఆమె నాలుగు సాయంత్రాలు కూర్చుంది. పిల్లలు పాడారు. మాస్టారికి ప్రశంసాపత్రం ఇవ్వాలన్నారు. ఆ పత్రం ఆమే టైపు చేసింది. ప్రిన్సిపాల్ సంతకం పెడుతూ, "పేరులో తప్పుల్లేకుండా చూశారుగా?" అన్నారు. చూసింది.

సాఫ్ట్‌వేర్‌ను ఆమే వెతికి తెచ్చుకుంది. అది ఎవరి సొత్తూ కాదు. ఏయే దేశాల్లోనో ఉన్న మనుషులు తమ పనులు చేసుకుంటూ, తీరికలో ఒక్కో ముక్క కలిపి కట్టిన సాఫ్ట్‌వేర్ అది. గీతల మీద స్వరాలు పెడితే వాయించి వినిపిస్తుంది. దాని లోపలి రాతను ఎవరైనా తెరిచి చూడవచ్చు, బాగుచేయవచ్చు. బాగుచేసినవాళ్ల పేరు అందులో ఉండిపోతుంది. సహాయం పేజీలో ఒక కామా సరిచేసిన మనిషి పేరు కూడా ఉంటుంది, ఏ రోజున సరిచేశాడో తేదీతో సహా. మొదటిసారి ఆ జాబితా చూసినప్పుడు ఆమె దాన్ని చివరిదాకా చదివింది. ఎవరూ తెలియదు. అయినా చదివింది.

ఆ మనుషులు మాట్లాడుకునే ఫోరమ్‌లో చేరడానికి ఒక పేరు ఇమ్మంది. సొంత పేరు ఇవ్వాలనిపించలేదు. ఎదురుగా ఏముందో చూసి 'ఇస్త్రీబల్ల' అని కొట్టింది.

చేరడానికి కారణం చెల్లో. పాటలో వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టే చోటు ఒకటుంటుంది. రెండోసారి వాయించేటప్పుడు సాఫ్ట్‌వేర్ చెల్లో వరుసలో ఒక స్వరం మింగేస్తోంది. ప్రతి పాటలో కాదు, కొన్నిట్లోనే. ఎప్పుడు మింగుతోందో పట్టుకోవడానికి మూడువారాలు పట్టింది. పొద్దున స్కూలుకు వెళ్లేముందు అరగంట, వచ్చాక బియ్యం ఉడికేలోపు పావుగంట. చివరికి దొరికింది. గడి దాటి సాగే స్వరం ఉన్నప్పుడు మాత్రమే, అదీ కింద బేస్ అక్కడే ఆగినప్పుడు. వచ్చీ రాని పరభాషలో అంకెలు వేసి రాసింది. ఇలా చేయండి, ఇలా జరుగుతుంది, జరగకూడదు. చూపించడానికి ఒక చిన్న ఫైలు జతచేయాలన్నారు. భర్త రాసిన వరుసను అతన్ని అడక్కుండా బయటపెట్టడం బాగుండదని దాన్ని తీసేసి, పైవరుస తీసేశానని రాసింది. కింద తను రాసిన మూడు వరుసలు ఉంచింది. పదహారు గడులు.

ఆ ఫైలు అందుకున్నది 'పడవ' అనే మనిషి. ఓడల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడట. లోపం నాలుగు రోజుల్లో సరిచేశాడు. ఆ లోపం మళ్లీ రాకుండా ఆమె ఫైలును పరీక్షల్లో చేర్చామని రాశాడు. ఇకమీద ఎవరు ఎక్కడ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా, ముందు ఆ పదహారు గడులను అది తప్పులేకుండా వాయించి తీరాలి. దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'పనితో సంబంధం లేని ప్రశ్న. ఈ మూడు వరుసలు ఎవరు రాశారు? పైవరుస లేకుండానే ఇది పాట.'

ఆమె కంప్యూటరు మూసి కూరగాయలు తరగడానికి వెళ్లింది. జవాబివ్వడానికి మూడు రోజులు పట్టింది. మొదటిరోజు 'మావారు' అని కొట్టి చెరిపేసింది. రెండోరోజు 'మా బృందం' అని కొట్టి చెరిపేసింది. మూడోరోజు పొద్దున, అత్తగారికి కాఫీ ఇచ్చి వచ్చి, నిలబడే, 'నేను' అని కొట్టి పంపింది. రెండక్షరాలు. స్కూలుకు ఆలస్యమైంది. దారిపొడుగునా ఎవరో వెనకాల వస్తున్నట్టనిపించింది.

ఆయన వెంటనే ఇంకొకటి అడిగాడు. 'మరి ఫైల్లో మీ పేరు ఎందుకు లేదు?'

నిజమే. ప్రతి పాట ఫైలుకూ ఒక వివరాల పట్టిక ఉంటుంది. స్వరకర్త, అరేంజ్‌మెంట్ అంటే ఏ వాద్యం ఏం వాయించాలో రాసినవారు, కాపీ చేసినవారు. ఇంతవరకు చేసిన నూట అరవైమూడు పాటల్లోనూ స్వరకర్త అన్నచోట భర్త పేరుంది. మిగతావి ఖాళీ. ఎవరూ ఆమె చేయి పట్టుకుని ఆపలేదు. నూట అరవైమూడుసార్లు అతని పేరు టైపు చేసింది ఆమె చేతులే. తర్వాతి గడిని అన్నిసార్లూ దాటి వెళ్లింది కూడా ఆ చేతులే. ఎవరిమీద కోపం రావాలో ఆ రోజు సరిగ్గా తేలలేదు.

అది తేలింది రెండు నెలల కిందట. ఒక పత్రికవాళ్లు ఇంటికొచ్చారు. ముందుగదిలో పియానో దగ్గర భర్త ఫొటో తీశారు. ఆమె కాఫీ తీసుకెళ్తున్నప్పుడు, ఇంత పని ఒక్కరే ఎలా చేస్తారని అడుగుతున్నారు. "ఇప్పుడంత కష్టం లేదండీ. నేను పాట రాస్తాను. అరేంజ్‌మెంట్ అంతా సాఫ్ట్‌వేర్ నింపేస్తుంది. ఉచితం కూడానూ," అన్నాడు. అచ్చులో అలాగే వచ్చింది. ట్రే చేతిలో పట్టుకుని ఆమె అక్కడే ఉంది. అతను అబద్ధం ఆడుతున్న మనిషిలా కనిపించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి తను చెల్లోకు మూడు రకాలుగా రాసుకుని, ఒక్కోటీ వాయించి వింటూ, ఏది ఉంచాలో తేలక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చొక్కా కోసం వచ్చిన భర్త వెనక నిలబడి, "ఎంతసేపు ఆలోచిస్తుంది ఇది? పాతబడిపోయిందా?" అన్నాడు. కంప్యూటరు గురించి. తెరముందు కూర్చున్న మనిషి ఆలోచిస్తోందని అతనికి తట్టలేదు. నిజంగానే తట్టలేదో, తట్టకపోవడం సుఖమని ఎప్పుడో ఒకరోజు తీర్మానించుకున్నాడో, పదకొండేళ్లు పక్కన పడుకున్నా ఆమెకు తెలియదు.

అయినా సోమవారం ఇచ్చిన కాగితాలు మంగళవారం తెరిచింది. చేతులు ఊరుకోలేదు. అతని పాట బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మొదటి నలభై గడులు నింపింది. చెల్లోను కింద ఒంటరిగా మొదలుపెట్టి, బేస్‌ను పన్నెండో గడిదాకా ఆపి, అప్పుడు దించింది. విని చూసుకుంటే ఒళ్లు జలదరించింది. ఆ సంగతి చెప్పడానికి ఇంట్లో మనిషి లేడు.

బుధవారం అన్నం దగ్గర అడిగింది. ముందే మాటలు కూర్చుకుంది, ఎక్కువ కాకుండా.

"ఏమండీ, కార్యక్రమం కాగితంలో అరేంజ్‌మెంట్ అని ఒక వరుస ఉంటుంది కదా. ఈసారి అక్కడ నా పేరు వేయించండి."

అతను ముద్ద మధ్యలో ఆగాడు. కోపం లేదు. నిజంగా అర్థంకాని ముఖం. "నీ పేరా? ఎందుకు?"

"నేను చేస్తున్నాను కాబట్టి."

"టైపిస్టు పేరు ఎవరైనా వేస్తారటే? అలాగైతే సాఫ్ట్‌వేర్ పేరు వేయాలి ముందు!" నవ్వి, తల్లివైపు తిరిగాడు. "విన్నావామ్మా? ఇస్త్రీ చేసినందుకు రేపు నా చొక్కా మీద కూడా పేరు రాసుకుంటానంటుంది."

అత్తగారు నవ్వారు. పెరుగు గిన్నె ఇటు జరపమన్నారు. ఆమె జరిపింది.

గురువారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి కార్యక్రమం కాగితం ప్రూఫు బల్లమీద ఉంది. తప్పులు చూడమని అతను పెట్టి వెళ్లాడు. 'సంగీతం, అరేంజ్‌మెంట్' అని, పక్కన అతని పేరు. చివర కృతజ్ఞతలు. హాలు కమిటీకి, బృందానికి, కుర్చీలు సర్దినవాళ్లకు. అన్నిటికంటే కింద, 'టైపింగ్: ఇంట్లోనే'.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. అచ్చుతప్పులు లేవు.

అత్తగారు మడతపెట్టాల్సిన దుప్పట్లు తీసుకుని వచ్చారు. ఒక కొస ఆవిడ, ఒక కొస ఈమె పట్టుకున్నారు. దుప్పటి దగ్గరవుతూ ఇద్దరూ ఎదురెదురుగా వచ్చినప్పుడు అత్తగారు ప్రూఫు వైపు చూసి, "నిన్నటి మాట పట్టుకుని కూర్చోకమ్మాయ్," అన్నారు.

"కూర్చోలేదత్తయ్యా."

"వాడు చిన్నప్పట్నుంచీ అంతే. హోంవర్కు పుస్తకం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసేవాడు. రాసి నా ఒళ్లో పడేసేవాడు. 'అమ్మా, మిగతాది నువ్వు నింపేయ్' అని. లెక్కలు, భూగోళం, అన్నీ నేనే. ఏడో తరగతిదాకా వాడే క్లాసులో మొదటివాడు, తెలుసా?" ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "ఎడంచేత్తో రాసేదాన్ని, అక్షరం పిల్లాడిదిలా ఉండాలని."

ఆమె దుప్పటి కొస వదల్లేదు. "మీకు కోపం రాలేదా అత్తయ్యా, ఒక్కసారైనా?"

"కోపమెందుకే? కన్నకొడుకు మీద కోపమా?" అన్నారు. దుప్పటిని ఇంకో మడత పెట్టారు. ఇంకోటి పెట్టారు. అంతకంటే చిన్నది చేయడానికి లేకపోయినా ఇంకోటి పెట్టబోయారు. "భూగోళం నాకు బాగా వచ్చేది," అన్నారు, దుప్పటితోనే చెబుతున్నట్టు. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆమె బల్లవైపు తిరిగింది. తను ఈ ఇంట్లోకి కోడలిగా వచ్చిందనుకుంది. కాదు. ఖాళీ అయిన ఉద్యోగంలోకి వచ్చింది. ముందు చేసినావిడ ఎడంచేత్తో చేసింది. తను పది వేళ్లతో చేస్తోంది. అంతే తేడా.

కంప్యూటరు తెరిచింది. మంగళవారం నింపిన నలభై గడుల ఫైలును చెరపలేదు. ఇంకో పేరుతో దాచుకుంది. అందులోంచి పైవరుస, అంటే అతని పాట, తీసేసింది. కింద తన వరుసలు మిగిలాయి. వివరాల పట్టిక తెరిచి, అతని పేరు చెరిపి, స్వరకర్త అన్నచోట తన పేరు టైపు చేసింది. ఆ గడిలో ఆ పేరు ఎప్పుడూ కొట్టలేదు కాబట్టి ఒకసారి తప్పుపడింది. సరిచేసింది. అది పక్కన పెట్టి కొత్త ఫైలు మొదలుపెట్టింది.

పద్నాలుగు వాద్యాలు, నూట పన్నెండు గడులు అని ఇస్తే తెరమీద పద్నాలుగు వరుసలు పరుచుకున్నాయి. పెన్సిల్ కాగితం పక్కన పెట్టుకుని ఫ్లూటు వరుస ఎక్కించింది. ఉన్నది ఉన్నట్టు. ముప్పై ఒకటో గడిలో ఐదు లెక్కలున్నాయి. ఎప్పుడూ చేసినట్టు ఒక లెక్క తగ్గించబోయి చేయి ఆపుకుంది. ఆ గడి కొలతను ఐదుకు మార్చింది. మూలన ప్లస్ గుర్తు పడింది. అరవై ఎనిమిదిలో ఒకటి, తొంభైలో ఒకటి. నలభై నిమిషాల్లో టైపింగ్ అయిపోయింది. టైపింగ్ అంటే అంతసేపే. మిగిలిన పదమూడు వరుసలు ఆమె ముట్టుకోలేదు. ప్రింటు కొట్టింది. వాద్యానికొకటి చొప్పున పద్నాలుగు పార్టులు, మాస్టారికి అన్ని వరుసలూ ఉన్న పుస్తకం ఒకటి. పిన్నులు కొట్టి, సంచిలో పెట్టి, అతని చొక్కా ఇస్త్రీ చేసింది. కాలరు మడత రెండోసారి కూడా చూసింది.

శుక్రవారం నాలుగింటికి హాల్లో ఎప్పటిలాగే అందరికంటే ముందు వెళ్లి స్టాండ్ల మీద పార్టులు సర్దింది. మాస్టారి స్టాండు మీద పుస్తకం పెట్టింది. అతను ముందుగా తెరిచి చూసుకోడు. ఎప్పుడూ తప్పు రాలేదు కాబట్టి ఆ అలవాటు లేదు. వెళ్లి వెనక వరుసలో, కాఫీ ఫ్లాస్కు పక్కన కూర్చుంది. హాలు సెక్రటరీ ముందువరుసలో కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

మాస్టారు అట్ట తిప్పి, చేయెత్తి, దించాడు. ఫ్లూటమ్మాయి మొదలుపెట్టింది. పాట హాల్లో ఒంటరిగా వెళ్తోంది. అతను చెల్లో వైపు చేయి చాచాడు. చెల్లో ఆయన కాగితం తిరగేసి చూస్తున్నాడు. వయొలిన్ల వైపు చాచాడు. ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. మాస్టారు అప్పుడు పుస్తకంలోకి చూశాడు. చేయి మాత్రం ఆడుతూనే ఉంది. ఆపమనలేదు కాబట్టి ఆ అమ్మాయి వాయిస్తూనే ఉంది. ముప్పై ఒకటో గడి దగ్గర తొట్రుపడి, తనే ఆగింది.

"మాస్టారూ, ఇక్కడ ఐదున్నాయి. నాలుగా, ఐదా?"

మాస్టారు పుస్తకంలో ఆ గడి వెతుకుతున్నాడు. బేస్ బాబాయి తన పార్టు పైకెత్తి పట్టుకున్నాడు. పేజీ మొత్తానికి ఒక్క వరుస. ఆ వరుసలో అడ్డంగా ఒక నల్లటి పట్టీ, దానిమీద ఒక అంకె. విరామాలు వరసగా వస్తే సాఫ్ట్‌వేర్ వాటిని అలా ఒక్కటిగా చుట్టి పెడుతుంది.

"నాకు నూట పన్నెండు గడులు సెలవిచ్చారు మాస్టారు! ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత పెద్ద సెలవు ఎవడూ ఇవ్వలేదు."

"నాకూ అంతే," అన్నాడు క్లారినెట్టాయన. "నాకూ," అన్నారు ఇంకొకరు. నవ్వులు లేచాయి.

"కొత్త ప్రయోగమా మాస్టారూ?" అన్నాడు సెక్రటరీ, కాలుమీద కాలు తీసి.

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి వెనక వరుస వైపు చూశాడు. "సాఫ్ట్‌వేర్ పాడైనట్టుంది. ఏమైంది దానికి?"

"ఏమీ కాలేదండీ. బాగానే ఉంది," అంది ఆమె. లేచి నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు. ఆ హాల్లో అక్కర్లేదు. "మీరు రాసింది రాసినట్టు టైపు చేశాను. మిగతాది ఈసారి దానికే వదిలేశాను. అది నింపేది ఇదే. ఖాళీ గడి కనబడితే విరామం పెడుతుంది."

నవ్వులు ఆగిపోయాయి. అతను పుస్తకం పేజీలు తిప్పాడు. మొదటిది, రెండోది, చివరిది. పైన ఒక వరుస, కింద పదమూడు ఖాళీలు.

బేస్ బాబాయి తన కాగితాన్ని స్టాండు మీద పెట్టాడు. ఎడమచేతి చిటికెనవేలి వైపు ఒకసారి చూసుకున్నాడు.

"మరి ఇన్నేళ్లూ నేను వాయించింది ఎవరు రాశారు మాస్టారూ?" అన్నాడు.

అడిగింది మాస్టారినే. అందరూ చూసిందీ మాస్టారివైపే. జవాబు వెనక వరుస నుంచి వచ్చింది. ఈసారి దానికి మూడు రోజులు పట్టలేదు.